సొట్ట బకీటు బెల్లం

ఇందుమూలముగా ఈ రూముల పండే ఆరుగురు మగోళ్ళకు, పక్క రూము బెంగాలీ భాయిలకు, కిటికీల గూడు వెట్టుకున్న పావురాల జంటకు చాటింపు వేసి తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఈ రూములో చాయిల చక్కెర వేయుట నిషేధము. బెల్లమే వేయవలెను. అది నల్లబెల్లమే కావలెను. పచ్చగ మెరిసే బెల్లము కొనుక్కొచ్చిన వాని చెప్పులు మూడో అంతస్తు నుండి కిందికి విసిరివేయబడును. ఇట్లు, పొయ్యికాడి సర్కారు.

పొద్దుగాల ఈ కాయితం ఫ్రిజ్‌కు అంటువెట్టిన. గోదాముల పాత ముద్ర ఒకటి దొరికితే అది గూడ దాని మీద కొట్టిన. ధర్పల్లి గంగాధర్ నిద్రకండ్లతోని వచ్చి, రెండుసార్లు చదివి, నిజంగనే చక్కెర డబ్బ తీస్కపోయి మంచం కింద దాసిండు. ముద్రుంటే సాలు, మనోళ్ళు దేనికైనా భయపడతరు. గా గంగాధరే సెలవు మీద వస్తుండు. ఈ ఉత్తరం వాని చేతికే ఇచ్చి పంపుతున్న.

సాయన్నా, నీకూ వదినకూ తమ్ముడు పోశెట్టి శనార్తులు. నేను ఇక్కడ పాణంతోని ఉన్న, ఫికర్ చెయ్యకున్రి. మీ పాణాలు ఎట్లున్నయి? రజితకు నెలలు నిండుతున్నయని, పురుటికి మీ కాడికే తోలుకొచ్చిన్రని మీ మరదలు చెప్పింది. బిడ్డ మంచిగ తింటుందా? రాత్రిపూట దమ్ము మంచిగ ఆడుతుందా? ఆయాసం పంపు తలాపున పెట్టుకొనే పండుమనున్రి. నాకు మంచిగనే ఉన్నది, జర నడుము గుంజుతది, గంతే. ఫికర్ చెయ్యకున్రి.

వదినా, ఈ ఉత్తరం నువ్వే చదవాలె. అన్న మంచం మీద కూసోని వినాలె. నీకొక షరతు. నడుమల నీకు ఏదన్న యాదికొచ్చినా, నవ్వొచ్చినా నోరు తెరవొద్దు. కొసదాక ఒక్క తీరుగ చదువు. కాని నడుమ నడుమ అన్న మొఖం మాత్రం సూస్తుండు.

ఫోన్ల చెప్పొచ్చు గదరా అంటవు అన్నా. ఫోన్ల చెప్తే నీకు సిగ్నల్ పోతది. వీడియోల నేను సూస్తనే ఉంట, నువ్వు నా దిక్కే సూసుకుంట "హలో, హలో, ఇనొస్తలేదురా" అని కట్ చేస్తవు. కాయితాన్ని కట్ చెయ్యరాదు. అందుకే రాస్తున్న. కోపంతోని రాస్తున్న, అక్షరాలు వంకర పోతే సర్దుకోండ్రి.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలైనయి. ఎండ ఒక్కటైతే సైసొచ్చు, సముద్రం మీది ఉక్క ఉంటది సూడు, అంగీ పిండితే బకీటు నిండుతది. తిండి అంటే ఖుబ్బూసు రొట్టె, పప్పు, శుక్కురారం కోడి. ఖుబ్బూసు పొద్దుగాల మెత్తగుంటది, పొద్దుగూకేసరికి దాంతోని గోడకు మొలలు కొట్టొచ్చు. పని మాత్రం మంచి పనే. ఎండల నిలవడేది కాదు. తినే సామాన్ల గోదాము. కంటైనర్లు దించుడు, పెట్టెలు సదురుడు, మల్ల వేరే దేశాలకు ఎక్కిచ్చుడు. మిరప, పసుపు, బియ్యం, బెల్లం, అన్నీ మన దిక్కుకెల్లి వచ్చేటియే. నాలుగు దినాలు మనసు బాగలేకుంటే మన సామాన్ల నడుమ పోయి నిలవడ్త. వాసనకు జర పాణం కుదుట పడ్తది.

గోదాముల అందరికీ ఒక్కటే కాయిదా, ఒక్కటే రూలు లేదన్నా. పెట్టె ఏ దిక్కు పోతదో గా దిక్కు కాయిదా. ఈ అరబ్బు దేశాలన్ని జతగట్టి ఒక కాయిదా రాసుకున్నయి. యూరప్ దేశాలన్ని జతగట్టి ఇంకోటి. తూర్పు ఆఫ్రికా దేశాలది ఇంకోటి. మూడు దిక్కులకు మూడు వరుసలు, మూడు రంగుల పట్టీలు. ఒక వరుస పెట్టె ఇంకో వరుసల పడితే మా సూపర్‌వైజరు జోసఫ్‌కు పూనకం వస్తది. ఆయన మలయాళీ. మాట్లాడుడు హిందీల, తిట్టుడు మలయాళంల. నాకు తిట్లే ముందుగాల వచ్చినయి.

ఒకనాడు ఆయన టిఫిన్ డబ్బకు ఒక లేబులు అంటువెట్టిన. తయారైంది నిన్న, చెల్లుబాటు ఈ పొద్దు పన్నెండు గంటల వరకే అని. అరబ్బీల రాసే పాకిస్తాన్ భాయితోని రాయించిన. జోసఫ్ డబ్బ తెరవబోయి, లేబులు సూసి, గడియారం సూసి, నన్ను పిలిచిండు.

"పోశెట్టీ, ఇది నువ్వే కదా?"

"నాకు అరబ్బీ రాదు సార్."

"రాదు, తెలుసు. అందుకే తప్పు చేసినవ్. తారీఖు తయారైన కాడనే అచ్చు కొట్టాలె. తర్వాత లేబులు మీద అంటువెట్టిన తారీఖు ఈ దేశంల చెల్లది. అంటే నా చేపలకూర ఇంకా చెల్లుతది" అని, నా ముంగటనే కూసోని ముల్లు గూడ మిగలకుండ తిన్నడు.

నేను కాయిదాలు గిట్ల నేర్చుకున్న. అరబ్బు దేశాలోళ్ళు ముందుగాల తారీఖు సూస్తరు, అరబ్బీల రాసిందా లేదా సూస్తరు, తర్వాత లోపలికి పోతరు. తూర్పు ఆఫ్రికకు పోయే పెట్టెకు ఓడ ఎక్కకముందే సర్టిఫికెట్ కావాలె, ఎవడు పరీక్ష చేసిండు, ఎవడు సంతకం వెట్టిండు అని అడుగుతరు. యూరపోళ్ళు పెట్టె మీది బొమ్మను నమ్మరు, సంతకాన్ని గూడ నమ్మరు. అనుమానమొస్తే ముక్క తీసి పరీక్షకు పంపుతరు. లోపల ఏమున్నది, ఎంతున్నది, ఉన్నది ఉన్నట్టు పైన రాసినవా. గిదే వాళ్ళ లొల్లి.

మరి మన దగ్గర బెల్లానికి ఏం కాయిదా ఉన్నదన్నా? నల్లబెల్లం కనవడితే దాంతోని గుడుంబ సారా కాస్తవా, కాయవా. గిదే గదా మనల్ని అడిగేది. బెల్లంల రంగు మందు ఎంత దాక వెయ్యొచ్చో మన దేశంల గూడ రాసి పెట్టిన్రట, జోసఫ్ చెప్పిండు. రాసినోళ్ళు రాసిన్రు. రుద్రూర్ తొవ్వల ఇన్ని బెల్లం బట్టీలున్నయి, ఎన్నడన్న ఒక్కడొచ్చి పెనంల ఏం కలుపుతున్నరని అడిగిండా? బండి మీది బెల్లం నల్లగున్నదా అని అడిగినోళ్ళే గని.

ఇగ అసలు ముచ్చట వినున్రి. మొన్న యూరప్‌కు పోయిన బెల్లం వాపస్ వచ్చింది. జోసఫ్ దాన్ని ఒక మూలకు పెట్టిచ్చి ఎర్ర పట్టీ చుట్టిండు. ఒక పెట్టె చినిగి ఉన్నది. నేను మల్ల సదురుదమని వంగిన. బెల్లం వాసన గుప్పున కొట్టింది. చెరుకు పిప్పి పొగ, ఉడికే రసం, మన బట్టి కాడ బాపు పెనం అంచున నిలవడి గరిటె తిప్పుడు, అంతా ఒక్కపారి కండ్ల ముంగట తిరిగింది. గట్ల కూసుండిపోయిన. తర్వాత లోపల ముద్దను చేతులకు తీసుకున్న. బంతిపువ్వు లెక్క పచ్చగున్నది. అంచుకు చంద్రవంక లెక్క గుంట.

సొట్ట బకీటు, అన్నా. కాముని పున్నానికి నేను డప్పు లెక్క కొట్టి సొట్ట పెట్టిన బకీటు. చెరుకు గెడ పట్టుకొని బాపు నన్ను కాలువ దాక తరిమిన బకీటు. దాంల పోసిన ప్రతి ముద్దకూ గదే గుంట వడేది. లోకంల ఇంకో బకీటుకు గసుంటి సొట్ట ఉండదు, నా చేతి పని అది. నీ బెల్లం, నా చేతులకు వచ్చింది. సముద్రాలు దాటి పోయి, పనికిరాదనిపించుకొని, నా చేతులకు వచ్చింది.

"దీనికేమైంది సార్?" అని జోసఫ్‌ను అడిగిన.

"రంగు తేలుటానికి వేసే తెల్ల మందు ఉన్నది. పెట్టె మీద రాయలేదు."

"రాస్తే పోనిస్తుండెనా?"

"మోతాదు లోపలుంటే, రాసుంటే పోనిస్తరు. వీళ్ళు ఎక్కువ వేసిన్రు, ఏమీ వెయ్యలే అన్నట్టు పంపిన్రు."

"తినే బెల్లానికి గింత లొల్లి దేనికి సార్? గది తింటే మనిషి సస్తడా?"

"నువ్వు సావవు. నేను సావను. ఆయాసం ఉన్నోళ్ళు ఉంటరు కదా. గా మందు కొందరికి పడదు, దమ్ము పట్టేస్తది. పైన రాసుంటే వాళ్ళు సూసి, కొనకుండ పక్కకు జరుగుతరు. అందుకని రాయమంటరు."

అన్నా, నాకు రజిత యాదికొచ్చింది. ఎక్కడి యూరప్, ఎక్కడి రజిత. వాళ్ళు మన రజితను సూడలే. నిజామాబాద్ దవాఖానల దాని ముక్కుకు గొట్టం పెట్టి, మనం గోడకు ఆనుకొని కూసున్ననాడు వాళ్ళు లేరు. అయినా రజిత లాంటిది ఒక్కతి వాళ్ళ దేశంల ఉంటదేమోనని, గామె కోసం పెట్టె మీద ఒక మాట రాయమంటున్నరు. నువ్వు దాన్ని కన్నవు. నీ పెట్టె మీద ఏం రాసినవ్?

కోపం అక్కడ ఆగలే. పొద్దుగూకంగ గా బెల్లం పంపిన షావుకారి ఫోన్ చేసిండు. జోసఫ్ స్పీకర్ల పెట్టిండు, మేం వింటున్నం. యూరప్ వద్దన్నది కదా, ఈ అరబ్బు దేశాలల్ల అమ్మొచ్చునా అని అడిగిండు. ఇక్కడ గూడ మందు ఉంటే పైన రాయాలె, తారీఖు మల్ల అచ్చు కొట్టరాదు, కుదరదు అన్నడు జోసఫ్. ఆఫ్రికకు? కొత్త సర్టిఫికెట్ ఎవడిస్తడు అన్నడు. షావుకారి అన్నడు గదా, "పోనీ తియ్, వాపస్ ఇండియాకే పంపు. అక్కడ పచ్చగుంటే సాలు, దేవునికి గూడ పెడతరు."

నవ్వుకుంట అన్నడన్నా. గా నవ్వు నాకు నెత్తికెక్కింది. ఒక్కో దేశాల జత తన మందిని తన రెక్కల కింద దాసుకుంటది. వద్దన్న సామాను ఒక వరుసకెల్లి ఇంకో వరుసకు జరుగుతది, కొసకు అడగనోని ఇంటికి వస్తది. ఆ అడగనోళ్ళం మనమే.

షావుకారిని తిట్టుకుంట రూముకు వచ్చిన. మెట్లెక్కుతుంటే యాదికొచ్చింది, మన ఇంట్ల గూడ గిదే కాయిదా గదా. బాపు ఉన్ననాడు ఏడాదికి మొదటి పెనం ఇంటి పెనం. దాంల మందు లేదు, మడ్డి తియ్యటానికి బెండ జిగురు, సున్నపు తేట, గంతే. నల్లటి బెల్లం. పోచమ్మకు, ఇంటికి, ఆడిబిడ్డలకు. ఇంటి పెనం దిగినంక అంగడి పెనం ఎక్కేది. దాంల మందు. మనకొక కాయిదా, మందికొక కాయిదా. నేను గూడ గా పెనం ముంగట పనిచేసినోన్నే, నాకేం నోరున్నదని షావుకారిని తిడుతున్న అనిపించింది. కాని బాపు కనీసం ఇంటోళ్ళకైనా మంచిది పెట్టిండు. నువ్వు గీ ఏడాది ఇంటి పెనమే వండలే. వదిన మీ మరదలితోని చెప్పింది. మీ షావుకారి లోడు ఒక్క తీరుగ పచ్చగ కావాలన్నడని, మొదటి పెనంకెల్లే అంగడి పెనం పెట్టినవట. అంటే ఇంట్ల ఉన్నది గూడ గదే బెల్లం. రేపు రజిత బాలింతయితే వదిన శొంఠి, మిరియాలు దంచి ముద్దలు చేసి పెట్టేది గూడ గదే బెల్లంతోని.

పోయిన నెల ఫోన్ల నిన్ను అడిగిన, యాదున్నదా? "అన్నా, ఫోటోల బెల్లం గంత పచ్చగున్నదేందే, మందేమన్న వేస్తున్నవా?" అంటే నువ్వేమన్నవ్?

"నా బిడ్డ మీద ఒట్టు, చిటికెడు గూడ వెయ్యలే."

ఏ బిడ్డ మీద వేసినవ్ అన్నా గా ఒట్టు? నీకున్నది ఒక్క బిడ్డ. గా బిడ్డకు ఆయాసం.

నువ్వు మొదటి నుంచి గిట్లాంటోనివి కాదు. నాకు తెలుసు. బోధన్ తొవ్వల పోలీసులు నీ బండి ఆపిన నాడు నేను వెనుక కూసున్న. రెండు బస్తాల నల్లబెల్లం, చిన్నవ్వ బిడ్డ పెండ్లికి పోతున్నం. "ఏ ఊర్ల కాస్తున్నవురా గుడుంబ" అన్నరు. పండుగ బెల్లం సారూ, లడ్డూలకు సారూ అంటే నవ్విన్రు. పొద్దుగూకేదాక ఠాణ ముంగట కూసోబెట్టిన్రు. తొవ్వంట పోయే మనోళ్ళందరు సూసిన్రు. నువ్వు రుమాలు మొఖం మీదికి గుంజుకున్నవ్. నేను నవ్వించుదమని ఏదో ఆట పట్టిస్తే నన్ను ఎన్నడూ కొట్టనోనివి చెయ్యెత్తినవ్. గా దినంకెల్లి నీ పెనం పచ్చగైంది. మంచి బెల్లం వండినోన్ని దొంగ లెక్క కూసోబెట్టి, మందు కలిపినోన్ని సేఠ్ అని పిలిచే కాయిదా అది. దాన్ని నేను గూడ తిడత, నీకంటె గట్టిగ తిడత. కాని వాళ్ళ మీది కోపం తీస్కపోయి రజిత ముద్దల కలుపుతవా?

ఇంకా ఒక మడి చెరుకు కొట్టకుండ నిలవడ్డదని విన్న. నిజాంసాగర్ కాలువ పక్క మడి, బాపు నాటిన జాగ. దాన్ని షావుకారికి పెట్టకు. రేపే కొట్టు. గానిగ ఆడిచ్చి ఒక్క పెనం వండు, మందు డబ్బ బట్టి కాడికి గూడ రానియ్యకు. నల్లగ వస్తది, రానీ. ఎవడన్న గుడుంబకా అని అడిగితే నా బిడ్డ పురుటికి అను. కూసోబెడితే కూసో. ఈసారి రుమాలు మొఖం మీదికి గుంజుకోకు.

ఇగ చిల్లర ముచ్చట్లు. గంగాధర్ చేతికి ఖర్జూరాలు, వదినకు నొప్పి మందు, రజిత కడుపుల ఉన్నదానికి మెత్తటి దుప్పటి పంపుతున్న. దుప్పటి మీది లేబులు నేను చదివి చదివి తీసుకున్న, పిల్లలకు పడదని ఏమీ రాసిలేదు. వాడు మల్ల వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు పంపున్రి, పోయినసారి తొక్కు డబ్బ మీద తారీఖు లేదని జోసఫ్ నన్ను ఏడిపిచ్చిండు, ఈసారి బొగ్గుతోనన్న రాయున్రి. నల్లబెల్లం వండితే ఒక ముక్క నాకూ పంపున్రి. ఫ్రిజ్ మీది చాటింపు నేను ఊకె వెయ్యలే, చక్కెర చాయి తాగి నోరు సప్పబడ్డది. చిన్నవ్వకు శనార్తులు చెప్పున్రి, నా పేరు మీద పోచమ్మకు ఒక దీపం పెట్టమనున్రి. నా గురించి ఫికర్ చెయ్యకున్రి, నేను మంచిగనే ఉన్న.

వదినా, ఇప్పుడు ఒక నిమిషం ఆపు. అన్న మొఖం సూసినవా?

నీకు యాదికొచ్చే ఉంటది. గా సొట్ట బకీటు ఇప్పుడు ఏడున్నది? నేను ఈ దేశం వచ్చే ముందటి ఎండకాలం పాత ఇనుపసామాన్లోనికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నం. నువ్వే బేరం చేసినవ్, అన్ననే తక్కెడ పట్టి సూసిండు, నేను ఉల్లిగడ్డలు లోపలికి మోసిన. బకీటు లేదు. సొట్ట లేదు. నా చేతులకు వచ్చిన ముద్ద గూడ లేదు, అది పూరాగ నా కట్టుకథ. వాపస్ వచ్చిన బెల్లం నిజం, కాని అది ప్లాస్టిక్ డబ్బాలల్ల చిన్న చిన్న ముక్కలు, ఏ ఊరిదో దేవునికే ఎరుక. వాసన నిజం. ఆయాసం మాట నిజం. షావుకారి నవ్వు నిజం.

అన్నా, వదిన సొట్ట ముచ్చట చదువుతుంటే, "గా బకీటు ఎక్కడిదిరా, ఉల్లిగడ్డలకు పోయె గదా, అబద్ధాలు రాసిండు పోశెట్టి" అని నడుమల ఒక్కసారన్న అన్నవా? అనుంటే నీ పెనంల మందు లేదు. నేను నీ మీద నింద వేసిన. ఇంటికొచ్చిన నాడు నా చెప్పు నీ చేతికిచ్చి తల వంచుకొని నిలవడ్త.

అనకుండ తల వంచుకొని విన్నవంటే, మందు వేసింది నిజమే, ఇగ నాకు జవాబు రాయనక్కర లేదు. లేచి పొయ్యి అంటువెట్టు.

మీ కాళ్ళకు మొక్కుతున్న అబద్ధాల తమ్ముడు,
పోశెట్టి